అచ్చు వెనుక చేయి

వనపర్తి జిల్లా కొత్తకోటలో మగ్గం ముందు కూర్చున్న నేతగాడు చీర అంచున పువ్వులు పూయిస్తాడు. ఆ పువ్వు పడుగు పేకల కలయికలోనే పుడుతుంది. పాలమూరు నేలను తడుపుతూ సాగిన కృష్ణానది సముద్రాన్ని చేరే సీమలో, మచిలీపట్నానికి చేరువనున్న పెడనలో, పువ్వు పుట్టే తీరు వేరు. అక్కడ అది మొదట కొయ్యలో పుట్టి, పిదప వస్త్రంపై వికసిస్తుంది. ఆ కొయ్యకు ప్రాణం పోసేవాడు అచ్చులు చెక్కే శిల్పి.

బాగా ఆరిన టేకు చెక్కను నునుపు చేసి, దానిపై చిత్రాన్ని దించి, సన్నని ఉలులతో అతడు పని ప్రారంభిస్తాడు. నిలవవలసినది గీత; తొలగవలసినది దాని చుట్టూ ఉన్న కొయ్య. వస్త్రంపై కుడివైపు చూడవలసిన చిలుక చెక్కపై ఎడమవైపు చూడాలి. ఒక పువ్వుకు ఒక అచ్చు చాలదు. రూపురేఖకు ఒకటి, నింపవలసిన రంగులకు మరికొన్ని కావాలి. వాటి పొందిక వెంట్రుకవాసి తప్పినా రేకు ఒకచోట, రంగు మరొకచోట పడతాయి. ఉలి జారితే దిద్దుకోవడం కష్టం.

అచ్చు సిద్ధమైన తరువాత అద్దకం పని మొదలవుతుంది. కరక్కాయ, గేదెపాలు కలిపిన ద్రవంలో గుడ్డను ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో ఊరవేసి తీసిన కసింకారాన్ని దానిపై అద్దితే నల్లని రేఖ ఏర్పడుతుంది. పటిక అద్దిన గుడ్డను చిరివేరు వంటి వేళ్లతో మరిగిస్తే ఎరుపు నిలుస్తుంది. పటిక తాకని చోట ఆ ఎరుపు నిలవదు. పారే నీరు, కాచే ఎండ కూడ ఈ పనిలో భాగస్వాములే.

కలంకారీ అనే మాటలో కలం ఉంది. శ్రీకాళహస్తి పద్ధతికి కలమే ఆధారం. మచిలీపట్నపు పద్ధతిలో అచ్చుదే ప్రాధాన్యం. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఈ రేవు నుండి అద్దకపు వస్త్రాలు పారశీకానికి, ఐరోపాకు తరలివెళ్లాయి. భారతీయ అద్దకాలకు లభించిన ఆదరణను చూసి, తన నేతపరిశ్రమను కాపాడుకొనేందుకు ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. నిషేధం చేయలేని పనిని యంత్రం చేసింది. 1783లో థామస్ బెల్ రోలరు అద్దకానికి పేటెంటు పొందాడు. 1868లో జర్మన్ శాస్త్రవేత్తలు వేళ్లలోని ఎరుపును ప్రయోగశాలలో తయారుచేశారు.

అదే 1868లో జపానులో మెయిజీ యుగం ఆరంభమైంది. కొయ్య అచ్చులతో చిత్రాలు ముద్రించే కళ అక్కడ ఘనమైనది. చిత్రాన్ని గీసేవాడు ఒకడు, చెక్కేవాడు మరొకడు, అచ్చువేసేవాడు ఇంకొకడు. ఛాయాచిత్రాలు, కొత్త ముద్రణ యంత్రాలు రావడంతో ఆ ముగ్గురి జీవనమూ ప్రశ్నార్థకమైంది. ఆ కళ పూర్తిగా అంతరించలేదు. 1953లో కవాసే హసుయి గీసిన జోజోజి ఆలయపు మంచు దృశ్యాన్ని అచ్చువేసినపుడు, ఆ పనిలోని దశలను భావితరాల కోసం నమోదు చేయించారు. చిత్రాన్ని దాచడం వేరు. చిత్రం పుట్టే దారిని దాచడం వేరు.

మన అద్దకానికీ స్వాతంత్ర్యానంతరం కమలాదేవి చట్టోపాధ్యాయ వంటివారి కృషితో ఊపిరి లభించింది. ఈ శతాబ్దపు తొలి దశకంలో మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడ దక్కింది. అయితే స్క్రీన్ ప్రింటింగ్‌తో వేసిన గుడ్డ అంతకంటె తక్కువ వ్యవధిలో, తక్కువ ధరకు అంగడికి చేరుతుంది. అందులో దోషం లేదు; దానివల్లను కొందరి ఇండ్లలో పొయ్యి వెలుగుతుంది, పేదవారికీ రంగుల గుడ్డ అందుతుంది. అది కలంకారీ అన్న పేరుతో అమ్ముడుపోవడమే దోషం. అప్పుడు కొనుగోలుదారు మోసపోతాడు; అచ్చు చెక్కే శిల్పికి పని తగ్గుతుంది.

వాడేకొద్దీ అచ్చు అరుగుతుంది. అరిగిన దాని స్థానంలో మరొకటి చెక్కగల చేయి ఉన్నంతవరకే ఆ పువ్వు మళ్లీ పూస్తుంది. ఆ చేయి ఆగిన నాడు ప్రదర్శనశాలలో అచ్చులు ఎన్ని మిగిలినా అవి జ్ఞాపకాలే. కొత్తకోట మగ్గానికైనా, పెడన ఉలికైనా బలం ఒక్కటే. వస్త్రాన్ని చేతపట్టినవారు, దాని వెనుక ఉన్న చేతిని తలచి, దాని శ్రమకు తగిన వెల చెల్లించడమే ఆ బలం.