అవుట్‌గేట్‌లోంచి లోపలికి...

ఒకప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ నడిచిన దారి. సి.ఆర్.రావు లెక్కలు చదువుకున్న చోటు. హుద్‌హుద్‌కి చెట్లు కూలినా మళ్లీ చిగురించిన నేల. విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్ చరిత్ర చాలామందికి తెలుసు. మరి అక్కడ ఓ హాస్టల్ గదిలో ఉండి చదువుకునే అమ్మాయి కళ్లతో చూస్తే ఆ ప్రాంగణం ఎలా ఉంటుంది?

పలాసలో తెల్లవారుజామున బస్సెక్కిన అమ్మాయి మద్దిలపాలెంలో దిగేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. భుజాన బట్టల సంచి. ఒక చేతిలో ఆవకాయ సీసా, ఇంకో చేతిలో జీడిపప్పు పొట్లం. 'ముందే అందరికీ సూపించీకు, నీకేటీ మిగలదు' అని అమ్మ మరీమరీ చెప్పి పంపింది. అమ్మ పలాసలో జీడిపిక్కల పనికి వెళ్తుంది. పిక్కల జిడ్డుకి ఆమె వేళ్లు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. ఆ పొట్లం మాత్రం సాయంత్రానికల్లా ఖాళీ. హాస్టల్లో ఇంటి నుంచి వచ్చినదేదీ ఒక్కరి సొత్తు కాదు.

ఉద్దానం పల్లె నుంచి వచ్చిన ఆ అమ్మాయి స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతోంది. ఇంట్లో పదో తరగతి దాటినవాళ్లలో ఆమే మొదటిది. మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు ఆమెకొచ్చిన సందేహం చాలామంది కొత్తవాళ్లకు వచ్చేదే. 'అవుట్‌గేట్' అని రాసి ఉన్నచోట లోపలికి వెళ్లనిస్తారా? నవ్వుకోవడానికి బాగానే ఉంటుందిగానీ, ఆ రోజు నాన్న, కూతురు ఇద్దరూ గేటు ముందు కాసేపు నిలబడిపోయారట!

బెజవాడలో పుట్టి... వాల్తేరులో పెరిగి

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది. అప్పుడు కార్యాలయం బెజవాడలో ఉండేది. 1930లో వాల్తేరుకి మారింది. మొదటి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి. తర్వాత 1931 నుంచి 1936 వరకూ రాధాకృష్ణన్. దేశంలో ఎక్కడ మంచి అధ్యాపకుడున్నా ఇక్కడికి రప్పించాలని ఆయన పట్టుదల. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ, వీకేఆర్వీ రావు వంటివారు అలా వచ్చినవారే. తెలుగు శాఖలో పింగళి లక్ష్మీకాంతం, రసాయనశాస్త్రంలో టి.ఆర్.శేషాద్రి, భౌతికశాస్త్రంలో సూరి భగవంతం పాఠాలు చెప్పారు. జయపురం మహారాజా విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చి సైన్సు చదువులకు ఊపిరిపోశారు.

రెండో ప్రపంచయుద్ధంలో విశాఖ మీద బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. ఆ రోజుల్లో ప్రాంగణం సైన్యం చేతికి వెళ్లింది. విశ్వవిద్యాలయం మూటాముల్లె సర్దుకుని గుంటూరు చేరింది. యుద్ధం ముగిశాకే మళ్లీ సముద్రం ఒడ్డుకి తిరిగొచ్చింది. 2026తో ఈ చదువులమ్మకి వందేళ్లు.

సముద్రాన్నీ వదల్లేదు ఇక్కడివాళ్లు. 1950ల్లో అమెరికా నుంచి లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త వచ్చి ఇక్కడి అధ్యాపకులతో, విద్యార్థులతో కలిసి బంగాళాఖాతం అడుగున పరిశోధనలు చేశాడు. తీరానికి దూరంగా నీటి అడుగున దాగిన లోయలకు పెట్టిన పేర్లలో ఒకటి 'ఆంధ్ర'. ఇంకొకటి ఇక్కడి భూగర్భశాస్త్ర ఆచార్యుడు మహదేవన్ పేరు. సాయంత్రం బీచ్‌రోడ్డులో మురీ మిక్స్చర్ తింటూ కూర్చునే కుర్రాళ్లలో ఆ నీళ్లకింద తమ మాస్టారి పేరుందని తెలిసినవాళ్లు ఎందరో!

సంభావ్యత అంటే ప్రాబబిలిటీ

చరిత్ర గొప్పదే. కానీ మొదటి సెమిస్టర్‌లో కష్టం కష్టమే. ఆ అమ్మాయి ఇంటర్ దాకా చదివింది తెలుగు మాధ్యమంలో. డిగ్రీ పుస్తకాలు ఇంగ్లిషులో ఉన్నా పాఠం విన్నది తెలుగులోనే. ఇక్కడికొచ్చాక బోర్డు మీద అక్షరాలన్నీ ఇంగ్లిషు. సంభావ్యత, అంకమధ్యమం అంటే ఠక్కున చెప్పగలిగే పిల్ల, అవే లెక్కలు ఇంగ్లిషు పేర్లతో ఎదురైతే బిక్కమొహం వేసింది. మొదటి మిడ్ పరీక్షలో వచ్చిన మార్కులు ఇంట్లో చెప్పలేదు.

గట్టెక్కించింది ఒక నోటుపుస్తకం. ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఇంగ్లిషు మాట, కింద ఓ చిన్న లెక్క. రోజుకి పది చొప్పున రాసుకుంది. పక్కగదిలోని సీనియర్ అక్క రాత్రి భోజనాలయ్యాక గంటసేపు కూర్చోబెట్టి చెప్పేది. ఆ అక్క పుస్తకం కూడా ఇలాగే మొదలైందట. రెండో సెమిస్టర్ వచ్చేసరికి ఆ పుస్తకం అవసరం తగ్గింది. ఇప్పుడది జూనియర్ల చేతుల్లో తిరుగుతోంది. విశ్వవిద్యాలయంలో చదువు సగం తరగతి గదిలో, సగం హాస్టల్ వరండాలో సాగుతుందనేది ఇందుకే.

పొద్దున ఇడ్లీ కోసం మెస్‌లో వరస. తర్వాత చెట్లకింద నడుచుకుంటూ తరగతులకు. మధ్యాహ్నం ల్యాబ్‌లో కంప్యూటర్ల ముందు. నెలాఖరుకి మెస్ బిల్లు లెక్కలు. ఉపకారవేతనం ఎప్పుడు పడుతుందా అని బ్యాంకు మెసేజ్ కోసం ఎదురుచూపులు. సముద్రపు గాలి హాయిగానే ఉంటుందిగానీ అదే గాలికి సైకిల్ గొలుసులు తుప్పుపట్టిపోతాయి. ఇక్కడి అందానికీ ఓ ఖర్చుంది మరి.

సాయంత్రమైతే వీఎస్ కృష్ణా గ్రంథాలయం వైపు అడుగులు. అక్కడ తలలు వంచుకుని కూర్చున్నవాళ్లని చూస్తే రెండు లోకాలు కనిపిస్తాయి. కొందరి ముందు సబ్జెక్టు పుస్తకాలు. ఎక్కువమంది ముందు గ్రూప్స్, బ్యాంకు పరీక్షల పుస్తకాలు. కొందరి దగ్గర రెండూ. పైన ఉద్యోగానిది, కింద చదువుది!

ఒక దరఖాస్తు కథ

స్టాటిస్టిక్స్ చదివేవాళ్లకి ఇక్కడ తప్పక వినిపించే పేరు సి.ఆర్.రావు. ప్రపంచం మెచ్చిన ఈ గణాంక శాస్త్రవేత్త గణితం చదివింది ఇక్కడే. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకుని, అదే ఏడాది ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన జీవితంలో అధ్యాపకులు ఇష్టంగా చెప్పే ఘట్టం ఒకటుంది. చదువయ్యాక ఆయన ఇక్కడే పరిశోధన చేద్దామనుకున్నారు. ఉపకారవేతనానికి దరఖాస్తు పెట్టుకున్నారు. అది ఆలస్యంగా చేరిందని తిరస్కరించారు. ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లిన ఆయనకు బసచేసిన చోట ఒక వ్యక్తి తారసపడి, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ ఇస్తున్నారని చెప్పాడు. 1941 జనవరిలో ఆయన అక్కడ చేరారు. మిగతాదంతా చరిత్ర.

'చూశారా, దరఖాస్తు పోయినా ఆయన ఎంతవాడయ్యాడో' అని నవ్వుతారు కొందరు విద్యార్థులు. ఉద్దానం అమ్మాయికి మాత్రం అందులో ఇంకో సంగతి కనిపించింది. కలకత్తాలో ఆ మనిషి తారసపడకపోయి ఉంటే?

పెదనాన్న లెక్క

ఉద్దానం అనగానే కొబ్బరి తోటలు, జీడితోటలు గుర్తొస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ చెట్లని నేలకూల్చింది. అంతకుముందు నాలుగేళ్ల కిందట, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ ఈ ప్రాంగణంలో చేసిందీ అదే. అప్పుడు పడిపోయిన చెట్ల చోట నాటిన మొక్కలు ఇప్పుడు నీడనిస్తున్నాయి. ఊళ్లో నాన్న మళ్లీ వేసిన కొబ్బరి మొక్కలూ పెరుగుతున్నాయి.

కానీ ఉద్దానానికి ఇంకో దుఃఖం ఉంది. కిడ్నీ జబ్బు. ఎన్నో ఏళ్లుగా ఎందరో పరిశోధించినా దానికి కారణం ఇదీ అని తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఆ అమ్మాయి పెదనాన్న డయాలసిస్‌కి వెళ్లేదీ పలాసకే.

సర్వే పద్ధతుల గురించి పాఠం వింటున్న రోజున ఆమెకి ఓ ఆలోచన తట్టింది. ఏ వీధిలో ఎందరికి జబ్బుంది, వాళ్లు ఏ బావి నీళ్లు తాగారు, ఎన్నేళ్లు ఎండలో పనిచేశారు... ఇవన్నీ అంకెలే. అంకెల్ని సరిగ్గా అడగడం, సరిగ్గా చదవడమే కదా తాను నేర్చుకుంటున్నది? తాను చదువుతున్న చదువుకీ, పెదనాన్న చేతిమీది సూది గుర్తులకీ మధ్య ఉన్న దారి ఆ రోజు మొదటిసారి కనిపించింది. మాస్టారిని అడిగితే 'ఎమ్మెస్సీతో సరిపోదమ్మా, పరిశోధన చెయ్యాలి' అన్నారు.

పరిశోధన అంటే ఇంకో నాలుగైదేళ్లు. ఇంట్లో తమ్ముడు డిగ్రీకొచ్చాడు. బ్యాంకు పరీక్ష రాస్తే ఈ ఏడాదే జీతం రావచ్చని నాన్న ఆశ. ఆదివారం ఫోన్‌లో ఇదే మాట.

'ఇంకెన్నేళ్లమ్మా సదువు?'

'నాలుగేళ్లు నాన్నా. స్కాలర్‌షిప్పు వస్తే మీరేటీ పంపక్కర్లేదు.'

'రాకపోతే?'

దానికి ఆమె దగ్గర జవాబు లేదు. అవతల నుంచీ కాసేపు మాట లేదు. తర్వాత ఫోను పెదనాన్న చేతికి వెళ్లింది. 'ఏటే, తిన్నావా?' అని అడిగాడాయన. అంతే. ఇంకేమీ అడగలేదు. ఫోను మళ్లీ చేతికొచ్చాక నాన్న 'నీకు తోసినట్టు సెయ్యి. బేంకు పరీచ్చ మాత్రం మానీకు' అన్నాడు.

ఆ రాత్రి గ్రంథాలయం నుంచి హాస్టల్‌కి వచ్చేసరికి గాలి జోరుగా వీస్తోంది. గదిలో బ్యాంకు పరీక్షల పుస్తకం ఒకవైపు, సర్వే పద్ధతుల పుస్తకం ఒకవైపు. బ్యాంకు పరీక్షకి ఫీజు కట్టేసింది. ఇక పరిశోధన ప్రవేశపరీక్ష దరఖాస్తు. గడువు ఇంకా వారం రోజులుంది.

ఆమె మాత్రం ఆ రాత్రే నింపి పంపేసింది.