దూడ దగ్గర దిద్దిన లెక్క

రాజాం నుంచి నాగావళి వైపు పోయే దారిలో ఒక రైతు సేవా కేంద్రం ఉంది. అక్కడ దూడల నమోదులో దొర్లిన తప్పులు సరిచేస్తున్నారని తెలిసి 2025 ఫిబ్రవరిలో చూడ్డానికి వెళ్ళాను. తప్పుల్ని దాచకుండా బల్ల మీద పరుచుకుని దిద్దుకుంటున్న చోటు గనక ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు.

బల్ల మీద రిజిస్టరు, ఫోను, పసుపుపచ్చ చెవిపోగుల కట్ట, వాటిని బిగించే పట్టకారు ఉన్నాయి. పశుసంవర్ధక సహాయకురాలు రిజిస్టరు నా వైపు తిప్పి ఒక పేజీ చూపించింది. ఆ పేజీలో ఉన్న దూడలన్నీ ఒకే రోజు పుట్టినట్టు రాసి ఉంది: 2024 డిసెంబరు 11.

"అది పోగులేసిన రోజండీ. పుట్టిన తేదీ గడిలో కూడా అదే పడిపోయింది" అంది.

చెవిపోగు మీద 12 అంకెలుంటాయి. పశువుకు ఆధార్ అంటున్నది దీన్నే. జాతీయ పాడి అభివృద్ధి మండలి రూపొందించిన సమాచార వ్యవస్థ ఇనాఫ్‌తో మొదలైన ఈ నమోదు ఇప్పుడు డిజిటల్ వేదిక భారత్ పశుధన్‌లో నడుస్తోంది. 2019 సెప్టెంబరులో గాలికుంటు, బ్రూసెల్లోసిస్ నివారణకు దేశవ్యాప్త కార్యక్రమం మొదలయ్యాక పోగు లేని పశువు కనబడ్డం తగ్గింది. టీకా, ఎద సూది, చూడి పరీక్ష, ఈత అన్నీ ఆ నంబరు కిందే చేరతాయి. పన్నెండో అంకె ముందున్న పదకొండింటిని లెక్కగట్టి వేసింది. ఎవరైనా ఒక అంకె తప్పు కొడితే లెక్క కుదరక తప్పు బయటపడడానికే ఆ ఏర్పాటు. తేదీకి అలాంటి కాపలా లేదు. డిసెంబరు 11 అన్నది నిజమైన తేదీయే, యంత్రం దాన్ని కాదనదు.

రిజిస్టరు చంకన పెట్టుకుని ఆమె ఊళ్ళోకి బయల్దేరింది. బల్ల దగ్గర కూర్చుని దిద్దితే ఒక ఊహ తీసి ఇంకో ఊహ రాయడమే అవుతుందని ఆమె పట్టుదల. నాకూ అదే సరైన పద్ధతి అనిపించింది.

మొదటి ఇంట్లో జెర్సీ సంకర ఆవు, దాని పెయ్య. ఇంటావిడ తేదీ వినగానే చెయ్యి అడ్డంగా ఊపేసింది. "డిసెంబరేటండీ మేడమ్‌గారూ! సిరిమాను అయిన రెండ్రోజులకి ఈనింది. మా పెద్దోడు ఇజీనగరం ఎల్లి ఖర్జూరం తెచ్చినాడు. ఆ పొట్లం ఇప్పక ముందే ఉమ్మనీరు తిత్తి కనబడింది."

విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం విజయదశమి తరవాత వచ్చే మంగళవారం జరుగుతుంది. 2024లో అది అక్టోబరు 15. అంటే పెయ్య పుట్టింది అక్టోబరు 17న. పల్లెటూళ్ళో తేదీలు గుర్తుండవని తీసిపారేసేవాళ్ళు ఈ లెక్క చూడాలి. పండుగను పట్టుకుని చెప్పే మాటలో ఒక రోజు కూడా అటూ ఇటూ పోలేదు.

సహాయకురాలు అంతటితో వదల్లేదు. ఎద సూది చీటీ అడిగింది. చూరులో ప్లాస్టిక్ సంచిలోంచి వచ్చిన చీటీ మీద తేదీ 2023 డిసెంబరు 18. అక్కడి నుంచి అక్టోబరు 17కి 304 రోజులు. ఆవు చూడి మోసేది సుమారు 283 రోజులు. ముర్రా గేదె అయితే 310 దాకా పోతుంది గానీ ఇది ఆవు. మూడు వారాలు ఎక్కువ వస్తోంది. ఆవుకు ఎద తిరిగి వచ్చేది కూడా సుమారు 21 రోజులకే.

"మొదటి సూది నిలవలేదు కదమ్మా? మళ్ళీ వేయించారా?"

"ఏయించినాం. పక్కూరి గోపాలమిత్ర వచ్చి ఏసినాడు. చీటీ ఇవ్వనేదు."

ఆ రెండోసారి 2024 జనవరి 8 ప్రాంతంలో జరిగి ఉండాలి. అలాంటప్పుడు తండ్రి గడిలో మొదటి వీర్యపు గొట్టం మీది ఆబోతు నంబరు ఉండకూడదు. ఆమె గోపాలమిత్రకు ఫోను చేసింది. ఏ గొట్టం వాడాడో అతని దగ్గర రాత లేదు. తండ్రి నంబరు కొట్టేసి "తెలియదు" అని రాసింది. నాకు ఆ రోజు అన్నిటికన్నా నచ్చిన దిద్దుబాటు ఇదే. గడి నిండి ఉంటే పై అధికారికి ముచ్చటగా ఉంటుంది. కానీ తప్పు తండ్రి పేరుతో పెరిగిన పెయ్యకు రేపు అసలు తండ్రి వీర్యమే వాడకుండా ఎలా జాగ్రత్తపడతారు? ఒక ఆబోతు కూతుళ్ళు ఎన్ని పాలిస్తున్నాయని లెక్కించేది కూడా ఈ గడుల్ని నమ్ముకునే.

పుట్టిన తేదీ విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. చూడి పశువులు ఈసుకుపోయే బ్రూసెల్లోసిస్‌కు టీకా పెయ్యదూడలకే, అదీ నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో, జీవితంలో ఒక్కసారే వేస్తారు. అది జీవక్రిములతో చేసిన టీకా. ఎదిగిన పశువుకు వేస్తే ఆ తరవాత రక్తపరీక్షలో జబ్బుకూ టీకాకూ తేడా తెలియకుండా పోవచ్చు. పాత తేదీ అలాగే ఉంటే, జులైలో వచ్చిన టీకాదారు తొమ్మిది నెలల పెయ్యను ఏడు నెలలదనుకుని సూది వేసేవాడు. బ్రూసెల్లోసిస్ మనుషులకూ అంటే జబ్బు గనక ఈ తేడా ఆ ఇంటి వాళ్ళ ఆరోగ్యానికీ సంబంధించినదే.

రెండో చిక్కు పక్కపక్క ఇళ్ళలో వచ్చింది. రెండు పెయ్యలు, రెండూ ఎర్రవి, ఒకే రోజు పోగులు పడ్డాయి. నంబర్లు ముందు కాగితం మీద రాసుకుని సాయంత్రం ఫోనులో ఎక్కించారు. ఒకరి దూడ ఇంకొకరి పేరున పడింది. రెండు నంబర్లూ సరైనవే, అంకెల లెక్కకు దొరకవు. పశుబీమాలో పోగు లేకపోతే పరిహారం లేదన్న షరతు ఉంటుంది. పోగు ఉండీ పేరు వేరైతే ఆ ఇంటిల్లిపాదీ ఎవరి చుట్టూ తిరగాలి?

"నుదుట సుక్కున్నది మాది, ఊరంతా ఎరుగును" అంది ఒకావిడ. రెండో ఇంటాయన కూడా ఒప్పుకున్నాడు. అయినా సహాయకురాలు సాయంత్రం పాలు పిండే వేళ దాకా ఆగింది. చుక్క పెయ్యను ముందు పొరుగింటి ఆవు దగ్గరికి విడిపించింది. ఆవు వాసన చూసి కొమ్ము విసిరింది. సొంత తల్లి దగ్గరికి విడిస్తే పెయ్య పొదుగు కుమ్మగానే ఆవు చేపేసింది. ఆ తరవాతే రెండు చెవుల మీది నంబర్లూ బయటికి చదివింది, రైతుల చేత తిరిగి చదివించింది, ఫొటోలు తీసింది. రిజిస్టరులో పాత అంకెలు కనబడేలా ఒక్క గీత కొట్టి, పైన కొత్తవి రాసి, తేదీ, కారణం, సంతకం పెట్టింది. తెల్లరంగు పూసి చెరిపేయడానికి ఆమె ఒప్పుకోదు. రేపు టీకా జాబితాలో పాత నంబరు ఎదురైతే అది ఎక్కడిదో తెలియాలి కదా. ఫోనులో తన చేతిలో లేని మార్పులు రాసుకుని పశువైద్యుడికి పంపింది.

చెవి చిరిగి పోగు పడిపోయిన ఒక గేదెను ఎవరో కొత్త పశువుగా నమోదు చేశారు. ఒక గేదె రెండు గేదెలైంది. కొత్త పోగును పాత నంబరుకు ముడిపెట్టమని అదీ పంపింది.

ఒకచోట మాత్రం ఆమె కలం ఎత్తి ఆగింది. ఒక ఆవు పాత కార్డు మీద శ్రీకాకుళం జిల్లా అని ఉంది, ఫోనులో విజయనగరం అని ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు విజయనగరంలో కలిశాయి. కార్డు అంతకు ముందుది. అది రాసిన రోజున నిజమే రాశారు. దాన్ని ముట్టుకోలేదు.

బ్రిటన్‌లో ఇలాంటి తప్పులు మొదట్లోనే పడకుండా గడువులు పెట్టారు: పాడి దూడకు పుట్టిన 36 గంటల్లో మొదటి పోగు పడాలి, 27 రోజుల్లో నమోదైపోవాలి. ఆలస్యమైతే ఆ పశువు మాంసం ఆహారంగా అమ్మడానికి వీల్లేదు. పిచ్చి ఆవు జబ్బుతో దెబ్బతిని పెట్టుకున్న కట్టడి అది. మన పల్లెల్లో ఒకటి రెండు పశువులున్న ఇంటి మీద అంత శిక్ష మోపలేం, మోపకూడదు కూడా. అందుకే దిద్దుకునే పని ఇక్కడ మరింత శ్రద్ధగా జరగాలి. దానికి సహాయకులకు సమయం కేటాయించాలి. నేను చూసిన ఈ పని ఆమె మిగతా పనులన్నీ అయ్యాక చేసుకుంటున్నది. టీకాల సంఖ్య అడిగే సమీక్షల్లో దిద్దిన నమోదులెన్ని అని కూడా అడగాలి.

తిరిగి వస్తుంటే మొదటి ఇంటావిడ గుమ్మంలోకి పిలిచింది. ఆవుకు జనవరి 20న మళ్ళీ సూది వేయించిందట. ఈసారి చీటీ తీసుకుంది. ఆబోతు నంబరు, తేదీ సహాయకురాలు రిజిస్టరులో సరిచూసి, 283 రోజులు కూడి అక్టోబరు 30 అని చెప్పింది. ఆవిడ గోడ మీది క్యాలెండరు అక్టోబరు దాకా తిప్పింది.

"నాగులసవితి ఎల్లిన అయిదో రోజు. ఇక తప్పు రాయనివ్వన్లెండి."