కానరాని డిస్కు

ఈ సంచిక ఉర్దూ విభాగంలో కాతిబ్ సాహెబ్ ముచ్చట్లు అచ్చయినవి. అవి వెలుగు చూడకుండా పోవలసిన వైనాన్ని తెలుగు విభాగంలో చెప్పుకోవలసి వచ్చినదంటే, ఆ ప్రమాదాన్ని తెచ్చిపెట్టినది మేమే కనుక.

పూర్వం మన సంచిక ఉర్దూ పుటలను చేతితో వ్రాసిన వృద్ధుడాయన. నస్తాలీఖ్ లిపి ఏటవాలుగా జాలువారేది. విడివిడి సీసపు అచ్చులలో ఒదిగేది కాదు. అందుచేత కంప్యూటర్లు వచ్చేవరకు ఉర్దూ పత్రికలు ఇటువంటి లేఖకుల చేతి మీదుగానే వెలువడేవి. గత వేసవిలో ఆయన ఇంటికి వెళ్లి, రెండు గంటల సంభాషణను సెల్‌ఫోనులో రికార్డు చేసుకున్నాము. ఫోనులో చోటు చాలక దానిని హార్డ్ డిస్కులోనికి ఎక్కించి, ఫోనులోనిది చెరిపివేశాము. రెండు నెలలకే ఆయన కన్నుమూశారు.

ఆ డిస్కు రెండు విభాగాలకూ ఉమ్మడి ఆస్తి. ఉర్దూ మిత్రులు ఇన్‌పేజ్ కొరకు విండోస్ యంత్రం వాడుదురు. మేము ప్రయోగశాలలోని లినక్స్ యంత్రం వాడుదుము. డిస్కు అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. అచ్చుకు ఇవ్వవలసిన గడువుకు మూడు రోజుల ముందు, ఒక సాయంత్రం దానిని మా యంత్రానికి తగిలించాము. చిన్న నీలిదీపం వెలిగింది. తెర మీద మాత్రం ఏమీ రాలేదు. తీసి పెట్టాము, యంత్రాన్ని ఆపి మరల వెలిగించాము. ఫలితం శూన్యం.

"ఖరాబ్ అయింది భాయ్" అన్నాడు ఉర్దూ విభాగ సంపాదకుడు. అతని గొంతు వణికింది. మరొక మిత్రుడు ఫార్మాట్ చేస్తే తప్పక కనబడుతుందని ధైర్యం చెప్పాడు. కనబడేమాట నిజమే, ఖాళీ డిస్కు కనబడును! ఆ సలహాను దాదాపు పాటించబోయామని ఒప్పుకొనుటకు సిగ్గుగా ఉన్నది.

అంతలో ప్రయోగశాల సహాయకులు వచ్చారు. ఆయన డిస్కును ముట్టుకోలేదు. "కెర్నెల్ ఏమన్నది బాబూ?" అని అడిగారు. మేము అడగనేలేదు. ఆయన డిమెసేజ్ అనే ఆజ్ఞ ఇచ్చి, మమ్మల్ని డిస్కు తీసి మరల తగిలించమన్నారు. కొత్త వస్తువు ఏది తగిలినా కెర్నెల్ అక్కడ ఒక పంక్తి వ్రాసుకొనును. మాకు ఒక్క పంక్తి కూడా రాలేదు. డిస్కు చెడిపోయినా ఏదో ఒక ఫిర్యాదు సాధారణంగా వచ్చునట. ఇంతటి నిశ్శబ్దానికి ముందుగా అనుమానించవలసినది తీగనేనట.

ఆయన తీగను చేతిలోనికి తీసుకొని నవ్వారు. అది ఫోను ఛార్జరుతో వచ్చిన చవక కేబుల్. యు.ఎస్.బి. 2.0 తీగలో నాలుగు పోగులుండును: రెండు విద్యుత్తుకు, రెండు సమాచారానికి. కొన్ని చవక కేబుళ్లలో వెనుకటి రెండూ ఉండనే ఉండవు. దీపం వెలుగుటకు మొదటి రెండు చాలు. ఆ కేబుల్ తెచ్చినదెవరో పాఠకులు ఊహించవచ్చు. 'మేము' అను మాటకు ఉన్న సౌఖ్యమే అది.

అసలు తీగ ఉర్దూ మిత్రుని సంచిలో దొరికినది. ఈసారి పంక్తులు బిలబిలమని వచ్చాయి. ఎల్.ఎస్.బి.ఎల్.కె. ఆజ్ఞకు ఎస్.డి.బి. అన్న పేరుతో డిస్కు కనబడినది, 931.5 జి. అని. ఒక టెరాబైటు కొన్నాము గదా, తక్కినదెవరు తిన్నారని అడిగితే, తయారీదారులు వేయింటితోను, యంత్రము 1024తోను లెక్కించుటే కారణమన్నారు.

అయినను డిస్కు తెరుచుకోలేదు. అది విండోస్ వారి ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో ఉన్న డిస్కు. ఆ పద్ధతిలో వ్రాయుటకు 2021లో వెలువడిన 5.15 కెర్నెల్ నుండి లినక్స్‌లో కొత్త ఏర్పాటు చేరినది. కాని డిస్కు మీద 'మలినము' అను గుర్తు ఉన్నచో, బలవంతపెట్టనిదే అది వ్రాతకు తెరువదు. అంతకుముందు విండోస్ యంత్రం నుండి డిస్కును చెప్పాపెట్టకుండా ఊడబెరికినందున ఆ గుర్తు మిగిలినది. (ఊడబెరికినదీ మేమే.) బలవంతపెట్టే ఉపాయం ఉన్నా సహాయకులు దానిని ముట్టలేదు. చదువుటకు మాత్రమే తెరిచి, ముందుగా అన్నిటినీ యంత్రంలోనికి నకలు చేయించారు. ఆ తరువాతనే డిస్కును విండోస్ యంత్రానికి పంపి తనిఖీ చేయించి, గుర్తు తొలగించారు.

నకలు పూర్తయ్యేసరికి రాత్రి ఎనిమిది దాటినది. ఉర్దూ మిత్రుడు ఆ రికార్డును వినిపించాడు. మొదట దగ్గు, పిమ్మట టీ గ్లాసు చప్పుడు, ఆపై కలం ఎంత వాలుగా కోయవలెనో చెబుతున్న ఆయన గొంతు. సహాయకులు తాళపుచెవులు చేతబట్టుకొనే చివరిదాకా నిలుచున్నారు.

రెండవ డిస్కు ఒకటి కొనిపెట్టవలసినదిగా కళాశాల కమిటీ వారికి అర్జీ పెట్టుకున్నాము. ఆ కేబుల్‌ను పారవేయలేదు. ఒకవైపు తెలుగున, ఒకవైపు ఉర్దూన 'ఛార్జింగుకు మాత్రమే' అని చీటీ కట్టి సొరుగులో ఉంచాము. ఉర్దూ చీటీని మిత్రుడు ఆ గొంతు చెప్పిన వాలులోనే కలం కోసి వ్రాశాడు.