పటంలో లేని మా గుంపు

ఆ రోజు ఏడో తరగతికి నదుల పాఠం. బడిలో ఉన్న ఒకే ప్రొజెక్టర్ మీద గూగుల్ ఎర్త్ తెరిచాను. నాసిక్ దగ్గర త్ర్యంబకం నుంచి గోదావరి వెంట కిందికి వచ్చాం. భద్రాచలం దాటాక, బూర్గంపాడు దగ్గర కిన్నెరసాని కలిసే చోట ఆగి, దాని వెంట ఎదురెక్కి మా వాగు దాకా వెళ్లాం. పిల్లలు ఒకటే కేకలు. అంతలో ఒక అమ్మాయి లేచింది. "సార్, మా గుంపు ఇండ్లు కనిపిస్తున్నయి. పేరేది?"

నిజమే. పెంకుటిండ్ల కప్పులు ఉన్నాయి, పేరు లేదు.

ఆ ప్రశ్నతో మా నాయన గుర్తొచ్చాడు. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చాక ఆయన పోడు భూమికి పట్టా కోసం దరఖాస్తు పెట్టాడు. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచే సాగులో ఉన్నట్టు చూపించాలి. విచారణకు వచ్చిన ఒక ఉద్యోగి ఉపగ్రహ చిత్రం పట్టుకుని, "ఇక్కడ చెట్లే ఉన్నాయి, చేను ఏది?" అన్నాడు. మేం చేలో ఇప్ప, తునికి చెట్లు కొట్టం. వాటి మధ్యనే జొన్న వేస్తాం. పైనుంచి చూస్తే చెట్లే కనిపిస్తాయి. ఆ మాట నాయన చెప్పలేకపోయాడు. పక్కనే ఉన్న నేను డిగ్రీ చదువుతున్నాను, నేనూ చెప్పలేకపోయాను. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడే గానీ వాటికి బదులు కాదని 2012లో సవరించిన నిబంధనల్లో ఉంది. పెద్దల మాటను రాసి ఇస్తే అదీ సాక్ష్యమే. అది నేను చదివేనాటికి మా దరఖాస్తు కొట్టేశారు.

అందుకే ఈ పాఠాన్ని అక్కడితో వదల్లేదు. మా గుంపులో సిగ్నల్ లేదు. కానీ జీపీఎస్‌కు సిగ్నల్ అక్కర్లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటాన్ని ముందే ఫోన్‌లో దించుకుని, ఆదివారం పిల్లలతో వాగు వెంట నడిచాను. ఒక తాత మాతో వచ్చాడు. రేవు, చెలమ, పాత ఊరి దిబ్బ, ఒక్కోటి చూపించి కోయలో పేరు చెప్పాడు. పిల్లలు ఫోన్‌లో గుర్తు పెట్టి, నోటుబుక్కులో రాసుకున్నారు. గట్టు ఎక్కాక, పటంలో ఎత్తు గీతలు దగ్గరగా ఉంటే ఏమిటో నేను చెప్పనక్కర లేకపోయింది, వాళ్ల కాళ్లే చెప్పాయి.

వేల్పు చోటు దగ్గర ఒక పిల్లవాడు ఫోన్ తీశాడు. "అది వద్దురా. దారి మనోళ్లకు తెలుసు, చాలు" అన్నాడు తాత. అక్కడ గుర్తు పెట్టలేదు. పటంలో ఏది పెట్టాలో, ఏది పెట్టకూడదో ఊరే చెప్పాలని ఆ రోజు పిల్లలతో పాటు నేనూ నేర్చుకున్నాను.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా ఖాతా తెరిచి పేర్లు చేర్చవచ్చు. మా గుంపు పేరు పిల్లలే చేర్చారు. తోటి టీచర్లను ఒకటే కోరుతున్నాను. గోదావరి పాఠాన్ని మీ ఊరి వాగు నుంచి మొదలుపెట్టండి. పటం చదవడం వచ్చిన పిల్లలు రేపు గ్రామసభలో తమ పెద్దల పక్కన నిలబడతారు.

ఆ సాయంత్రం మా చేను ఉన్న చిత్రాన్ని నాయన చేతికిచ్చాను. ఆయనకు అక్షరాలు రావు. కాసేపు చూసి, ఒక్కో ఇప్ప చెట్టునూ పోల్చుకుంటూ చేను చుట్టూ వేలు తిప్పాడు. "ఇదే గదరా. ఆనాడు నా చేతికియ్యలేదు" అన్నాడు.