ఒక్క లెన్స్ కోసం ఇంత లెక్కా?

మా ఇంట్లో కెమెరా కొన్నది మా ఆయన. వాడేది నేను. కెనాన్ 200డి, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్స్. ఈసారి మంచి లెన్స్ ఒకటి కొందామనుకున్నప్పుడు మాత్రం, చీటీ డబ్బు నాది కాబట్టి ఎంపిక కూడా నాదే అని ముందే చెప్పేశాను.

నా షరతు ఒకటే. లెన్సులు మార్చే పని ఉండకూడదు. చేతికి పిండి అంటుకుని ఉంటుంది, పొయ్యి మీద పాలుంటాయి, పిల్లాడు నవ్వేది రెండు క్షణాలు. ఆ టైములో ఒక లెన్స్ ఊడదీసి ఇంకోటి బిగించడం అయ్యే పనేనా? పైగా ఊడదీసిన ప్రతిసారీ లోపల సెన్సర్ మీద దుమ్ము పడుతుందని భయం.

ఇక సలహాలు మొదలయ్యాయి. మా ఆయన "18-400 తీసుకో, చంద్రుడి దాకా అందుతుంది" అన్నారు. మా తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, 24-105 తీసుకో. ప్రొఫెషనల్ లెన్స్. రేపు పెద్ద కెమెరా కొన్నా పనికొస్తుంది" అన్నాడు. ఎప్పుడో కొనబోయే కెమెరా కోసం ఇప్పుడు లెన్స్ కొనడమేంటో! పుట్టబోయే పిల్లకి పట్టుపరికిణీ కుట్టించినట్టు.

తమ్ముడు చెప్పింది మంచి లెన్సే, కానీ నా కెమెరాకి కుదరదు. మాలాంటి కెమెరాల్లో ఉండేది క్రాప్ సెన్సర్, అంటే పాత ఫిల్మ్ ముక్క కంటే చిన్నది. కిటికీ చుట్టూ కాస్త పరదా లాగినట్టు, అంచుల్లో ఉన్నది కనబడదు. కెనాన్‌లో అయితే లెన్స్ మీద రాసిన అంకెని 1.6తో గుణించుకోవాలి (నికాన్, సోనీల్లో 1.5). 18 కాస్తా సుమారు 29 అవుతుంది, 24 అయితే 38 దాటుతుంది. 38తో మా హాల్లో నలుగురిని ఫోటోలో పట్టించాలంటే నేను గోడకి ఆనుకున్నా చాలదు, బాల్కనీలోకి వెళ్ళాలి. కాబట్టి క్రాప్ సెన్సర్‌కి ఒక్క లెన్సే కొనేవాళ్ళు, మొదటి అంకె 18 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉందా అని చూసుకోవాలి. రెండో అంకె సంగతి తర్వాత.

రెండో అంకె కోసం ఎవర్నీ అడగలేదు. పోయిన రెండేళ్ళ ఫోటోలు తెరిచి కూర్చున్నాను. కంప్యూటర్లో ఫోటో మీద రైట్ క్లిక్ కొట్టి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూస్తే, ఎంత జూమ్‌లో తీశామో రాసి ఉంటుంది. నా లెన్స్ 55 దాటదు కాబట్టి, సరిగ్గా 55 దగ్గర ఆగిపోయినవి ఎన్నో చూశాను. ఇంకా దగ్గరికి లాగాలని ఉన్నా లాగలేకపోయినవి అవే కదా. స్కూల్ వార్షికోత్సవం, జూ పార్క్ ఫోటోలు తప్ప పెద్దగా లేవు. మిగతావన్నీ వంటిల్లు, పూజ గది, మంచం మీద కబుర్లు. 18కీ 35కీ మధ్యనే.

అలా చూస్తుంటే ఇంకోటి కూడా బయటపడింది. అమ్మ ఫోటో ఒక్కటీ బాగా లేదు. ఫ్లాష్ వేసినవాటిలో కళ్ళు మూసుకుంది. శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆ వెలుగు మరీ పడటం లేదు, "అది వెయ్యకే తల్లీ" అంటుంది. ఫ్లాష్ లేనివాటిలో చేతులు అలుక్కుపోయాయి. నాన్న పోయినప్పుడు గోడకి పెట్టడానికి ఫోటో దొరక్క, మా పిన్ని కూతురి పెళ్ళి గ్రూపు ఫోటోలోంచి ముఖం కత్తిరించి పెద్దది చేయించాం. ఆ ఫోటోలో నాన్న పక్కకి చూస్తుంటారు. ఇప్పుడు అమ్మకి 78. సంక్రాంతి అయ్యాక తెనాలి వెళ్ళిపోతానంటోంది.

దాంతో నాకు కావలసింది దూరం కాదు, వెలుగు అని అర్థమైంది. లెన్స్ మీద ఎఫ్ పక్కన రాసే అంకె ఎంత చిన్నదైతే లెన్స్ కన్ను అంత పెద్దగా తెరుచుకుంటుంది. 18-135 గానీ నా పాత లెన్స్ గానీ జూమ్ చేసేకొద్దీ 5.6కి చేరతాయి, 18-400 అయితే 6.3కి. 17-50 ఎఫ్ 2.8 అనే రకం మాత్రం చివరిదాకా 2.8లోనే ఉంటుంది. 5.6తో పోలిస్తే 2.8లో నాలుగింతల వెలుగు. 6400 ఐఎస్ఓ పెట్టాల్సినచోట 1600 చాలు, ముఖం మీద రవ్వ చల్లినట్టుండే ఆ గరుకు తగ్గుతుంది.

"దీంట్లో స్టెబిలైజర్ ఉంది కదా, చీకట్లో అదే చూసుకుంటుంది" అని మా ఆయన ఇంకా 18-400నే పట్టుకున్నారు.

"అది నా చెయ్యి వణక్కుండా చూస్తుందండీ. మాల కట్టే అమ్మ చేతుల్ని ఆపుతుందా?" అన్నాను. స్టెబిలైజర్ మంచిదే, కదలనివాటికి. కదిలే వేళ్ళు స్పష్టంగా రావాలంటే సెకనులో 125వ వంతులోనో ఇంకా త్వరగానో ఫోటో పడాలి. దానికి వెలుగు కావాలి.

అయినా మాటల మీద కొనలేదు. కోఠీలో 18-135, సిగ్మా 17-50 రెండూ ఒకరోజుకి అద్దెకి తెచ్చాం. సాయంత్రం ఆరింటికి, ఒక్క ట్యూబ్‌లైట్ వెలుగులో, అమ్మ చేమంతులు కడుతుంటే రెండిటితోనూ తీశాను. 18-135ని తీసిపారేయలేం. ఫోకస్ చప్పుడు లేకుండా దొరుకుతుంది, వీడియోకి చాలా హాయి. మీ పిల్లలు గ్రౌండ్‌లో ఆడేవాళ్ళయితే, ఊళ్ళు ఎక్కువ తిరిగేవాళ్ళయితే కళ్ళుమూసుకుని అదే కొనుక్కోండి. మా వంటింట్లో మాత్రం సిగ్మాదే పైచేయి. దాని ఇబ్బందులు దానికీ ఉన్నాయి. 565 గ్రాములు, కెమెరాతో కలిపి కిలో పైమాటే, మెడ లాగుతుంది. 2.8లో బాగా దగ్గర్నుంచి తీస్తే వేళ్ళు స్పష్టంగా వచ్చి ముఖం మసకబారుతుంది. ఇద్దరుంటే 4 పెట్టుకోవడం మేలు. ఇక స్టేజీ మీది డాన్సులు 50తో అందవు. వాటికి ముందు వరసలో కూర్చున్న తల్లుల్ని బతిమాలుకుంటాను.

సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. కొనేముందు లెన్స్ వెనక నుంచి టార్చ్ వేసి చూశాం, లోపల సాలెగూడులా తెల్లని దారాలుంటే బూజు పట్టినట్టు. మనలాంటి తేమ ఊళ్ళలో అది మామూలే. ఇప్పుడు దాన్ని గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడుతున్నాను. బియ్యంలో పెట్టమని ఎవరో చెప్పారు గానీ, ఆ తవుడు లెన్స్‌లోకి పోతే ఎవరు తీస్తారు?

మొన్న పొద్దున కిటికీ దగ్గర అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే తీసి, కెమెరా వెనక పెద్దది చేసి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఇవి మా అమ్మ చేతులే" అంది.