తాటిచెట్టు కింద పాలు

“డాక్టరుగారూ, మా అబ్బాయి శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటాడు. నాపా ద్రాక్షతోటలు చూపిస్తానంటున్నాడు. నాకు షుగరుంది. వెళ్లవచ్చా?” అని ఈమధ్య మా ఆస్పత్రి ఓ.పి.లో ఒక పెద్దాయన అడిగారు.

తప్పకుండా వెళ్లండి అన్నాను. అయితే ఏ తోట చూడాలన్నది తరవాత, ఏ పూట ఎక్కడ తింటారో ముందు కాగితం మీద రాసుకోండి అన్నాను. ఈ సలహా నేను పుస్తకాల్లో చదివింది కాదు. నేను చేసిన తప్పు నేర్పింది.

2023 జూన్‌లో సెలవు పెట్టి ఫ్రీమాంట్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాం. మా తోడల్లుడుగారు, వదినగారు కూడా వచ్చారు. ఆయన నాకంటే పెద్దవారు. ఇరవై ఏళ్లుగా షుగరు. రోజూ పొద్దున గ్లైమిపిరైడ్ మాత్ర వేసుకుంటారు. నాపాకి ఒక రోజు ప్రయాణం నేనే నిర్ణయించాను. మూడు తోటలు, కాలిస్టోగాలో వేడినీటి బుగ్గ, తిరుగు దారిలో సిల్వరాడో ట్రైల్. కాగితం మీద అన్నీ ఉన్నాయి, భోజనం తప్ప! “దారిలో ఎక్కడో తినేద్దాం లే” అనుకున్నాం.

పొద్దున తొందరలో ఆయన మాత్ర వేసుకుని, రెండు బ్రెడ్డుముక్కలు తిని కారెక్కారు. తోటల్లో వైన్ రుచి చూపించడం ఒక తంతు. ఒక్కొక్కచోట నాలుగైదు రకాలు, రకానికి 30 నుంచి 60 మిల్లీలీటర్లు పోస్తారు. చూడడానికి గుళ్లో తీర్థంలా ఉంటుంది. కూడి చూస్తే ఒక్క తోటలోనే గ్లాసు నిండుతుంది. ఆయన మాత్రం అన్నిట్లోనూ సగం వదిలేశారు. రెండు తోటలూ అయ్యేసరికి ఒంటిగంట. ఎండ మండుతోంది. హోటలు ముందు జనం బారులు తీరి ఉన్నారు. “మూడోది కూడా చూసి తిందాం” అన్నాను. అదే నా తప్పు.

మూడో తోట ద్వారం దగ్గర ఆయన తూలారు. మాట ముద్దగా వచ్చింది. ఊరికే కోప్పడ్డారు. అక్కడి వాళ్లు మావంక అదోలా చూశారు. నేనేమన్నానో తెలుసా? “అన్నయ్యగారూ, ఇంక చాలించండి, ఎక్కువైంది” అన్నాను! వదినగారు ఆయన చెయ్యి పట్టుకుని, “మరిదిగారూ, రెండు చోట్లా కలిపి ఒక గ్లాసు కూడా తాగలేదండీ. ఒళ్లు చూడండి, చల్లగా చెమట!” అన్నారు. అప్పుడు నాకు బుర్ర పనిచేసింది. ఆమె సంచిలోని గ్లూకోమీటరుతో చూస్తే షుగరు 52. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాం. పదిహేను నిమిషాలకి మళ్లీ చూసి, మళ్లీ ఇచ్చాం. కోలుకున్నాక ఆయన నవ్వి, “తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటుంది లోకం. డాక్టరు కూడా అంతేనా తమ్ముడూ?” అన్నారు. సిగ్గుతో తలవంచుకున్నాను.

ఎందుకిలా జరుగుతుంది? మనం తినకపోయినా లివరు కొంత గ్లూకోజు తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఆల్కహాలు ఆ పనికి అడ్డుపడుతుంది. ఇటు మాత్ర షుగరును దించుతూనే ఉంటుంది. ఖాళీ కడుపు, ఎండ, నడక తోడైతే ప్రమాదమే. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకీ ఇంతే. ఒకసారి తగ్గిన షుగరు రాత్రికి మళ్లీ తగ్గవచ్చు. పడుకోబోయేముందు పరీక్ష చేసుకోండి.

ఇక మీరు వెళ్లేటప్పుడు ఇలా చెయ్యండి. పొద్దున ఇడ్లీయో పెసరట్టో కడుపునిండా తిన్నాకే బయలుదేరండి. మధ్యాహ్నం పన్నెండున్నరకి భోజనం అని ముందే రాసుకుని, చోటు కూడా ముందే చెప్పి పెట్టుకోండి. చాలా తోటల్లో బయటి తిండి తేనివ్వరు. పులిహోర, పెరుగన్నం తీసుకెళితే సెయింట్ హెలీనా దాటాక వచ్చే బోతే స్టేట్ పార్కులో చెట్లకింద కూర్చుని తినవచ్చు. వండుకోలేనివాళ్లకి నాపా ఊళ్లో ఆక్స్‌బో మార్కెట్టు ఉంది. లోయ పొడవు 30 మైళ్లే అయినా ఒక రోజుకి రెండు తోటలు చాలు. ఒకటి భోజనానికి ముందు, ఒకటి తరవాత. 1976లో పారిస్ పోటీలో ఫ్రెంచివాళ్ల వైన్‌ని ఓడించిన షాతో మాంటెలీనా కాలిస్టోగా దగ్గరే ఉంది. వేడినీటి బుగ్గ చూడాలనుకుంటే రెండో తోట మానుకోండి.

రుచి చూసి ఉమ్మడానికి అక్కడ పాత్ర పెడతారు. వైన్ నాణ్యం చూసే నిపుణులు చేసేదీ అదే కనుక సిగ్గుపడనక్కర్లేదు. అసలు అలవాటు లేనివాళ్లు ‘గుండెకి మంచిదట’ అని మొదలుపెట్టకండి. ఏ కొద్దిపాటి ఆల్కహాలూ క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. కారు నడిపేవాళ్లు చుక్క కూడా ముట్టకూడదు.

జేబులో పంచదార పొట్లం, చేతిసంచిలో గ్లూకోమీటరు, నీళ్లు, వేరుశనగపప్పు ఉండాలి. తెలివి తప్పినవాళ్ల నోట్లో మాత్రం ఏమీ పొయ్యకండి. వెంటనే 911కి ఫోను చెయ్యండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. షుగరు మాత్ర వేసుకునే మనిషి తూలుతుంటే నోటి వాసన చూడకండి. ముందు షుగరు చూడండి.