తప్పు పెట్టెది కాదు

నేను మెట్రిక్యులేషన్‌తో గుమాస్తాగిరిలో దిగినవాణ్ణి. కంప్యూటరంటే ఆఫీసులో ఉత్తరాలు టైపుచేసే పెట్టె, అంతే. అటువంటి నేను దాని మూత విప్పవలసి వచ్చిందంటే కారణం మా అబ్బాయి.

షోళింగనల్లూరులో మా యింట, వాడు ఆట మొదలుపెట్టిన అరగంటకల్లా పెట్టె టక్కున ఆరిపోయేది. "ఆటలాడి పాడుచేశావు గదరా!" అని మా అక్కా బావా వినేట్టు కేకలేశాను. వాడు మారుమాట ఆడలేదు. మూడు రోజులు నా పక్కన భోజనానికి కూర్చోలేదు.

మెకానిక్కు వచ్చి, మూతైనా విప్పకుండా, ఎస్.ఎం.పి.ఎస్. మార్చాలన్నాడు. లెక్క తేలకపోతే గుమాస్తా కొత్త పుస్తకం కొనడు, పాత పద్దులు తిరగేస్తాడు. విండోస్ చిట్టాలో "కెర్నల్ పవర్ 41" అని వుంది. సరిగా మూయకుండా ఆగిపోయిందని చెబుతుందే గాని, ఎందుకో అది చెప్పదు.

ఉత్తరాలు టైపు చేసినప్పుడు ఆరదు, ఆటలోనే ఆరుతుంది. ఆటలో ప్రాసెసరూ, గ్రాఫిక్స్ కార్డూ పూర్తి పనిలో వుంటాయి. కరెంటూ ఎక్కువ లాగుతాయి, వేడీ ఎక్కువ పుట్టిస్తాయి. కనుక దోషం కరెంటుదో వేడిదో అయివుండాలి. వేడి చూపే ప్రోగ్రాం పెట్టి ఆడమన్నాను. ప్రాసెసరు అంకె 100 డిగ్రీలకు చేరింది. ఆట నత్తనడక పట్టింది. తరువాత పెట్టె ఆరింది. ముందు వేగం తగ్గించుకొని, అప్పటికీ వేడి తగ్గకపోతే కాలిపోకుండా ఆగిపోవడం దాని ఆత్మరక్షణ!

ప్లగ్గు పీకి మూత విప్పాం. మెట్రో పనుల దుమ్ము సముద్రపు తేమతో కలిసి ఫ్యాను వెనుక కంబళిలా పేరుకుంది. రెక్కలు తిరక్కుండా వేలితో పట్టుకొని బ్రష్షుతో దులిపాం. ఎండిపోయిన పేస్టు తుడిచి, రిచ్చీ స్ట్రీటులో కొన్న కొత్త పేస్టు రాశాం. అయినా అంకె తొంభై దాటింది.

అప్పుడు వెలిగింది. హాలు నీటుగా కనబడాలని, అక్కావాళ్ళు వచ్చేముందు పెట్టెను గోడ అలమారలోకి తోసి తలుపు వేసింది నేనే! వేడిగాలి బయటికి పోయే దారేదీ? పెట్టె బయటికి తీశాం. రెండు గంటలు ఆడినా 75 దాటలేదు.

నలుగురిలో తిట్టాను గనుక నలుగురిలోనే, "తప్పు నాదేరా" అన్నాను. వాడు, "తలుపు ఊడదీసేద్దాం నాన్నా" అన్నాడు. ఆ రాత్రి నా పక్కనే కూర్చొని అన్నం తిన్నాడు.

పాఠకులారా, యింట్లో ఏదైనా చప్పున ఆగిపోతే, తిట్టేముందు దానికి గాలి ఆడుతోందో లేదో చూడండి.